అన్నయ్య అడుగులు

మార్చి 17

ఇవాళ డ్యాన్స్ గది తెరిచాను. తాళం రెండుసార్లు తప్పు వైపు తిప్పాను. ఎప్పుడూ అన్నయ్యే తీసేవాడు, నేను వెనక సంచి పట్టుకుని నిలబడేదాన్ని.

పదిహేడు రోజులు మూసి ఉన్న గదిలోకి ఇంత దుమ్ము ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. కింద కరెంటు సామాన్ల కొట్టువాళ్ళు మా మెట్ల మీద అట్టపెట్టెలు పేర్చేశారు. మేమిక రామని అనుకున్నట్టున్నారు. తీయించి, చెక్క నేలంతా పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను.

సాయంత్రం క్లాసుకు పద్నాలుగు మందిలో ఎనిమిది మంది వచ్చారు. ఎవరూ నా ముఖంలోకి చూడలేదు. గోడ నిండా ఉన్న అద్దంలో మాత్రం అందరూ నన్నే చూస్తున్నారు. జంటగా మూడు లెక్కల్లో తిరిగే వాల్ట్జ్ మొదలుపెట్టాను. "నన్ను చూసి వెయ్యండి" అని మొదటి అడుగు వేశాను. నా కాలు అలవాటుగా వెనక్కి వెళ్ళింది. ముప్పై ఐదేళ్ళుగా అది వెనక్కే వెళుతోంది. నన్ను చూసి ఎనిమిది మందీ, మగవాళ్ళతో సహా, వెనక్కి వేశారు. రిటైరైన పోస్ట్‌మాస్టర్ గారు వెళ్ళి గోడకు కొట్టుకున్నారు. ఆయనకు అన్నయ్య పెట్టిన పేరు కుడికాలు. ఏ కాలు చెప్పినా కుడికాలే ముందు పెడతారు.

"అమ్మా, మీరు ఆడవాళ్ళ అడుగులు చూపిస్తున్నారు. మరి మాకు ఎవరు చెబుతారు?" అన్నారాయన భుజం రుద్దుకుంటూ.

ఇవాళ్టికి చాలన్నాను. పావుగంట ముందే పంపేశాను.

మార్చి 18

పోటీల్లో కనిపించే పొడుగాయన ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

మార్చి 21

శుక్రవారం. అన్నయ్య పోయి మూడు వారాలు.

వదిన షాపు నుంచి నేరుగా గదికి వచ్చింది. కళ్ళద్దాల షాపులో తన పని. మనుషుల కళ్ళు పరీక్షించి పరీక్షించి, ఎదుటివాళ్ళు ఎటు చూస్తున్నారో ఇట్టే పట్టేస్తుంది. అందుకే సంఘం నుంచి వచ్చిన ఉత్తరం తన చేతిలో పెట్టి నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను.

డ్యాన్స్ టీచర్ల సంఘంవాళ్ళు మర్యాదగానే రాశారు. సంతాపం రెండు లైన్లు, విషయం నాలుగు లైన్లు. మా గది అన్నయ్య సర్టిఫికెట్ మీద నడుస్తోంది. జూన్ ఆఖరులోగా సర్టిఫికెట్ ఉన్న టీచరు పేరు ఇవ్వకపోతే క్లాసులు ఆపేయాలి.

"నీకు లేదా సర్టిఫికెట్?" అంది వదిన.

"అన్నయ్యకుందిగా. ఇంటికొకటి చాలనుకున్నాం."

"ఇంటికొకటి చాలడానికి అదేమన్నా గ్యాస్ పొయ్యా?"

మూడు వారాల్లో తను అన్న మొదటి వేళాకోళం అది. అనేసి తనే ఉలిక్కిపడింది.

"పరీక్షకి కూర్చో మరి."

"రెండు భాగాలూ రావాలి వదినా. ఆడవాళ్ళ అడుగులూ, మగవాళ్ళ అడుగులూ. మగవాళ్ళవి నాకు తెలియవు."

"తొమ్మిదేళ్ళ పిల్లప్పటి నుంచీ ఆయన ఎదురుగా నిలబడి చేశావు. తెలియకుండా ఎలా ఉంటుంది?"

"ఎదురుగా ఉన్నాను కాబట్టే తెలియదు. నా తల ఎప్పుడూ ఎడమ వైపు తిరిగి, పైకి ఉండాలి. అన్నయ్య కాళ్ళు నేనెప్పుడూ చూడలేదు."

వదిన ఉత్తరం మడిచి నా చేతికిచ్చింది. "నన్ను పట్టుకుని నేర్చుకో. నాకేమీ రాదు. నువ్వు తప్పు చేసినా నాకు తెలియదు, మొహమాటం ఉండదు."

పదహారేళ్ళ కాపురంలో ఆమె ఈ గదికి నాలుగైదు సార్లు వచ్చి ఉంటుంది. వచ్చినా బెంచీ చివర కూర్చుని, పాట అయిపోగానే వెళదామా అనేది.

వెళుతూ మెట్ల దగ్గర ఆగింది. "మీ అన్నయ్య పోయే ముందు మంగళవారం క్లాసు నుంచి తొందరగా వచ్చేశాడు. అన్నం తినలేదు. నీతో ఏమన్నా అన్నాడా, ఒంట్లో బాగాలేదనో ఏదో?"

"ఏమీ అనలేదు. మామూలుగానే మాట్లాడుకున్నాం."

నిజమే. మామూలుగానే మాట్లాడుకున్నాం. గొడవేమీ లేదు.

మార్చి 30

ఆదివారం పొద్దున్న వదినతో మొదటి ప్రాక్టీసు.

ఎలా పట్టుకోవాలో కూడా నాకు రాదు. ఎడమచేత్తో ఆమె కుడిచెయ్యి. కుడిచెయ్యి ఆమె ఎడమ భుజం ఎముక కింద. ఎదురెదురుగా కాదు, ఆమెను కాస్త నా కుడి వైపుకు జరుపుకోవాలి. మోచేతులు దిగకూడదు. ఇద్దరి చేతులూ భుజాలూ కలిసి ఒక చట్రంలా నిలబడాలి. దాన్ని ఫ్రేమ్ అంటాం. పాట సగం కాకముందే నా మోచెయ్యి లాగేసింది. అన్నయ్య ఈ బరువును రెండేసి గంటలు మోసేవాడు. ఎప్పుడూ చెయ్యి నొప్పి అన్నట్టు గుర్తు లేదు.

ముందుకు అడుగు వేశాను. వదిన కదల్లేదు. తోశాను.

"నన్ను బీరువాలా జరుపుతున్నావు" అంది.

సరిగ్గా చెప్పింది. నడిపించడమంటే తొయ్యడం కాదని క్లాసులో అన్నయ్య వెయ్యిసార్లు చెప్పడం విన్నాను. ముందు శరీరం బయలుదేరాలి, తర్వాత కాలు. ఎదుటి మనిషికి కబురు ఛాతీ నుంచి అందాలి, చేతి నుంచి కాదు. విన్నాను గానీ, అది మగవాళ్ళకు చెప్పే పాఠం అనుకుని ఆ టైములో పాటలు వెతుక్కునేదాన్ని.

ఏప్రిల్ 2

వదిన షాపు తెరిచే ముందు, ఏడున్నరకు వస్తోంది. గంట.

ఇవాళ నేచురల్ టర్న్ మొదటి సగం. కుడివైపు తిరిగే మలుపు అది, వాల్ట్జ్‌కు గుండెకాయ. నా కుడికాలు ముందుకు, మడమ ఆనాలి. ఎడమకాలు పక్కకు, మునివేళ్ళ మీద. కుడికాలు వచ్చి కలవాలి, కలిసేదాకా పైకి లేస్తూనే ఉండి, కలిశాక దిగాలి. ఒకటి, రెండు, మూడు. ఎదుటామెకు అదే మలుపులో వెనక్కి వేసే మొదటి అడుగు దగ్గర పాదం లేవకూడదు. మగవాడు లేస్తూ తనను మెల్లగా లేపాలి, తను ముందే లేస్తే చెడిపోతుంది. ఈ సంగతి నాకు ఒళ్ళంతా తెలుసు, నోటితో చెప్పడం మాత్రం ఇవాళే మొదలు.

ఇంకొకటి తెలిసింది. నా అడుగు పొడుగు నా ఇష్టం కాదు. వదిన కాలు ఎంత దూరం వెళ్ళగలదో అంతే నేను వెయ్యాలి. అన్నయ్య ఆరడుగులు. నేను ఆయన భుజం దాకా వస్తాను, అందుకే పొట్టీ అనేవాడు. మరి పోటీల్లో జడ్జీలు "అడుగులు ఇంకాస్త పొడుగ్గా ఉండాల్సింది" అని రాసినప్పుడల్లా నేను అన్నయ్య మీద విసుక్కున్నాను. తను ఒక్కసారి కూడా నా కాళ్ళ వైపు చూపించలేదు.

ఏప్రిల్ 5

పొడుగాయన ఫోన్. ఎత్తలేదు. మెసేజ్ పెట్టాడు, ఏప్రిల్ పోటీ నుంచి మన పేర్లు తీసేయమంటారా అని. తీసేయండి అని రాశాను.

ఏప్రిల్ 13

ఇవాళ మొదటిసారి గదిలో ఒక చుట్టు మొత్తం తిరిగాం. పాట బయటి నుంచి కాకుండా కిందనుంచి వచ్చినట్టయింది. వదిన కళ్ళు మూసుకుంది. తెరవమందామనుకుని ఊరుకున్నాను.

పాట అయ్యాక నా చెయ్యి ఆమె వీపు మీద అలాగే ఉంది.

"ఇలాగేనా పట్టుకునేవాడు నిన్ను?"

"ఇలాగే. ఇంకా బాగా."

"నన్ను పట్టుకోమని నేనెప్పుడూ అడగలేదు. నాకు సిగ్గు. ఒకసారి వంటింట్లో పట్టుకోబోతే గరిట చూపించాను." కొంగు సర్దుకుంది. "ఎంత తెలివితక్కువదాన్నో చూడు."

"రేపు మిగతా సగం చేద్దాం" అన్నాను.

ఏప్రిల్ 20

మిగతా సగం ఇవాళ్టికి కుదిరింది.

నేచురల్ టర్న్ రెండో సగంలో మగవాడు వెనక్కి నడుస్తాడు. మొదటి మూడు అడుగుల్లో మలుపు తిరిగిపోయి, తను వెళ్ళాల్సిన దిక్కుకు వీపు పెడతాడు. నాలుగో అడుగు ఎడమకాలు, వెనక్కి, ఏమీ కనిపించకుండా. అక్కణ్ణుంచి మూడు అడుగులూ ముందు దారి కనిపించేది ఆడమనిషికే. వెనక ఇంకో జంట అడ్డం వస్తున్నా, కుర్చీ ఉన్నా, ఆమే చూడాలి, అతని పైచేతి మీద ఉన్న తన వేళ్ళతో నొక్కి చెప్పాలి. అతను ఆ నొక్కు కోసం కాచుకుని ఉంటాడు. పుస్తకంలో ఒక్క లైను అది. పరీక్షలో అడుగుతారు కూడా: మగవాడు వెనక్కి నడిచేటప్పుడు బాధ్యత ఎవరిది?

వదినకు ఇదంతా వివరించాను.

"అంటే ఆయనకి కనిపించనిది నువ్వు చూసి చెప్పేదానివా?"

"అవును."

"బావుంది" అంది.

మిగతాది రేపు రాస్తాను.

ఏప్రిల్ 21

రాయడానికి ఏమీ లేదు. క్లాసుకు పదిమంది.

ఏప్రిల్ 23

వదినకు ఇవాళ చెబుదామనుకున్నాను. జలుబుతో వచ్చింది. జలుబుతో ఉన్న మనిషికి చెప్పే సంగతి కాదు.

ఏప్రిల్ 27

జలుబు తగ్గింది. చెప్పలేదు.

మే 4

ఇది ఎవరూ చదవరు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఫిబ్రవరి 25, మంగళవారం. క్లాసుకు ఇంకా అరగంట ఉంది. అన్నయ్య పాత పేపరు ఉండచేసి అద్దం తుడుస్తున్నాడు. నేను బూట్లు వేసుకుంటూ, తల ఎత్తకుండా, "ఏప్రిల్ పోటీకి నేను వేరేవాళ్ళతో వెళదామనుకుంటున్నాను" అన్నాను. అప్పటికి పొడుగాయనతో మూడు ఆదివారాలు వేరే చోట ప్రాక్టీసు చేశాను. అన్నయ్యకు తలనొప్పి అని చెప్పాను ఆ మూడుసార్లూ.

తుడవడం ఆపలేదు. "ఎవరితో?"

చెప్పాను.

"మంచివాడు. అడుగు పొడుగు. నువ్వు కాస్త సరిపెట్టుకోవాలి." తర్వాత, "ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్నావు పొట్టీ?"

"ఏడాది నుంచి. నువ్వు లయకు వెనకపడుతున్నావు అన్నయ్యా. నిన్ను నేను మోస్తున్నాను."

మోస్తున్నాను. ఆ మాటే అన్నాను.

"ముందే చెప్పి ఉండాల్సింది" అన్నాడు. కోపంగా కాదు. పేపరు ఉండ చెత్తబుట్టలో వేసి, క్లాసు సగం చెప్పి, మిగతాది నువ్వు చూడు అని ఇంటికి వెళ్ళిపోయాడు. బుధ, గురువారాలు నేనే వెళ్ళలేదు. శుక్రవారం పొద్దున్న ఇంటి మెట్ల మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ ఒరిగిపోయాడు. వదిన లోపలి నుంచి, అన్నం డబ్బా మర్చిపోయావని పిలుస్తూనే ఉందట.

మామూలుగా మాట్లాడుకున్నాం అని ఈ నోట్‌బుక్కులోనే రాశాను. నాకు నేను అబద్ధం రాసుకున్నాను.

అసలుది ఇంకా రాయలేదు.

గుండె చాలా నెలలుగా ఇబ్బంది పడుతూ ఉండాలి, ఎవరూ గమనించలేదా అన్నాడు డాక్టరు. ఆయన వదిననే చూస్తూ అడిగాడు, భార్య కాబట్టి. వదిన లేదండీ అని తల ఊపింది. నేను పక్కనే ఉన్నాను.

నాకు తెలుసు. గుండె అని తెలియదు. కానీ అన్నయ్య ఊపిరి నాకు తెలుసు. డ్యాన్సులో అతని పక్కటెముకలు నా పక్కటెముకలకు ఆని ఉంటాయి. పైకి లేచేటప్పుడు తీసుకుని, మూడో లెక్కకు దిగుతూ వదలాలి. ఇద్దరమూ ముప్పై ఐదేళ్ళు అలా ఒకే ఊపిరి తీశాం. నిరుటి నుంచి అతని ఊపిరి రెండో లెక్కకే తెగిపోవడం మొదలైంది. ఎడమ అరచెయ్యి చల్లగా, తడిగా ఉండేది. జనవరిలో ఒకరోజు మలుపు మధ్యలో ఆగి గోడ పట్టుకున్నాడు. "వయసు మీద పడుతోంది దొరగారికి" అన్నాను. నవ్వాడు.

లయ తప్పుతున్నాడని లెక్కగట్టాను. ఎందుకు తప్పుతున్నావని అడగలేదు.

ఇప్పుడు మగవాళ్ళ అడుగులు నేర్చుకుంటున్నాను కదా. ఎవరు ఎవరిని మోశారో నా భుజానికి తెలిసింది.

మే 11

చెప్పాను.

ప్రాక్టీసు అయ్యాక వదిన నీళ్ళు తాగుతోంది. చెప్పాల్సింది ఒకటుంది అన్నాను. బెంచీ మీద ఒక చివర తను, ఒక చివర నేను. మంగళవారం సంగతి ముందు చెప్పాను. సీసా మూత పెడుతూ, తీస్తూ వింది.

"అందుకే అన్నం తినలేదన్నమాట" అంది చివరికి. "నేను పప్పు మాడినందుకే అనుకున్నాను. రెండు నెలల నుంచీ అదే అనుకుంటున్నాను, ఆ రోజు మాడకుండా ఉంటే రెండు ముద్దలు తినేవాడని."

అక్కడ ఆపేస్తే బాగుండేదేమో. ఆపలేదు. ఊపిరి సంగతి చెప్పాను. చల్లని చెయ్యి, గోడ, అన్నీ.

వదిన సీసా కింద పెట్టింది.

"ఎప్పటి నుంచి?"

"ఏడాది. ఇంకా ముందు నుంచేమో."

"నీకు తెలిసింది."

"తెలియలేదు వదినా. జబ్బు అని తెలిసి ఉంటే..."

"ఊపిరి తెలిసింది కదా." గొంతు పెంచలేదు. "పదహారేళ్ళు ఒకే మంచం. ఆయన అటు తిరిగి పడుకునేవాడు, నేను ఇటు తిరిగి. పొద్దున్నే నేను షాపుకి, సాయంత్రం ఆయన ఇక్కడికి. అంత దగ్గరగా నేనెప్పుడూ లేను. రోజూ రెండు గంటలు నువ్వున్నావు. ఒక్కమాట, ఒక్క ఫోను, మీ ఆయన్ని డాక్టరుకి చూపించు వదినా అని. అంతేగా."

"అంతే."

"డాక్టరు నన్ను అడిగాడు. అందరి ముందూ నన్ను అడిగాడు. నువ్వు పక్కనే నిలబడ్డావు."

సంచి తీసుకుంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగింది.

మే 12

రాలేదు.

మే 14

రాలేదు. ఫోన్ నేనే చెయ్యాలి. చెయ్యలేదు.

మే 15

చేశాను. ఎత్తలేదు.

మే 25

కళ్ళద్దాల షాపు దాకా వెళ్ళాను. అద్దం తలుపులోంచి కనిపించింది. ఒక ముసలాయన చెవుల వెనక ఫ్రేము సరిచేస్తోంది. రెండు చేతులతో, ఎంతో మెల్లగా, నొప్పిగా ఉందా అని అడుగుతూ. ఆ చేతులు చూస్తూ నిలబడి, తలుపు తోయకుండా వచ్చేశాను.

జూన్ 1

ప్రాక్టీసుకు మనిషి కావాలి. కుడికాలు గారే ముందుకొచ్చారు.

"ఆడవాళ్ళ అడుగులు నేను వేస్తానమ్మా. ఎలాగూ మగవాళ్ళవి నాకు రావట్లేదు."

డెబ్బై ఏళ్ళాయన, నాకంటే జానెడు ఎత్తు, నా చేతుల్లో తల ఎడమకు తిప్పి నిలబడ్డారు. ఎడమకాలు వెనక్కి అన్నాను. కుడికాలు వేశారు. ఇద్దరం పడబోయి నిలదొక్కుకున్నాం. నవ్వాను. నవ్వాక, వదిన వెళ్ళిపోయిన తర్వాత నవ్వడం ఇదే మొదటిసారని తెలిసి ఆగిపోయాను.

"మీ అన్నయ్యగారు నన్ను ఒక్కనాడూ కసరలేదమ్మా" అన్నారాయన. "కుడికాలు కూడా కాలే కదండీ అనేవారు."

జూన్ 15

పరీక్ష.

ఊరి అవతల పెద్ద హాలు. పరీక్ష పెట్టినావిడ తెల్లజుట్టు, మెడలో గొలుసుకు కళ్ళద్దాలు, చేతిలో చిన్న పుస్తకం. మగవాళ్ళ భాగం ముందు. సంఘం వాళ్ళే ఒకమ్మాయిని ఇచ్చారు. వాల్ట్జ్, నాలుగు లెక్కల ఫాక్స్‌ట్రాట్ రెండూ నడిపించాను. తర్వాత ప్రశ్నలు. ఏ అడుగు ఎక్కడ, మడమ ఎప్పుడు, మునివేళ్ళు ఎప్పుడు, ఎంత తిరగాలి, ఎక్కడ లేవాలి, ఎక్కడ దిగాలి. అన్నీ చెప్పాను.

"మగవాడు వెనక్కి నడిచేటప్పుడు?"

"ఎదురుగా ఉన్న మనిషి చూడాలి. చూసి చెప్పాలి."

"ఎలా?"

"ఏదో ఒకలా. నొక్కి."

ఆవిడ తలెత్తి నన్ను చూసి, మళ్ళీ రాసుకున్నారు.

తర్వాత ఆడవాళ్ళ భాగం. అది పరీక్షే కాదనుకున్నాను. కళ్ళు మూసుకుని చెయ్యగలను. సంఘం తరఫు మనిషి వచ్చి పట్టుకున్నాడు. మర్యాదస్తుడు, మంచి ఫ్రేమ్. పాట మొదలైంది. అతను బయలుదేరాడు, నేను అతనితో కదల్లేదు. అతనికంటే ముందే కదిలాను. మలుపు దగ్గర నేనే తిప్పేశాను. ఫాక్స్‌ట్రాట్‌లో హీల్ టర్న్ ఉంటుంది, మడమ మీద తిరుగుతూ బరువును అతని సమయానికి వదిలిపెట్టాలి. వదల్లేకపోయాను. నా ఒళ్ళు కర్రలా నిలబడింది.

అతను ఆగాడు. "మేడమ్, నడిపిస్తున్నది నేనా, మీరా?" ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు.

మూడుసార్లు ప్రయత్నించాం. మూడోసారి అతని ఊపిరి వింటూ ఉండిపోయాను. బాగానే ఉంది. కుర్రవాడు. లెక్కకు సరిగ్గా వదులుతున్నాడు. నా కాళ్ళు ఆగిపోయాయి.

పెద్దావిడ నన్ను పక్కకు పిలిచారు. "ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారమ్మా ఈ భాగం?"

"ముప్పై ఐదు."

"ఒకరితోనేనా?"

"ఒకరితోనే."

పుస్తకం మూశారు. మంచినీళ్ళు తెప్పించారు.

జూన్ 20

మగవాళ్ళ భాగం ప్యాస్. ఆడవాళ్ళ భాగం ఫెయిల్. జూలై 26న ఆ ఒక్క భాగం మళ్ళీ పెడతారు, అప్పటిదాకా క్లాసులు నడుపుకోవచ్చు.

కుడికాలు గారికి చెబితే, ఉత్తరం తప్పుడు ఇంటికి వెళ్ళినట్టుంది అన్నారు.

జూన్ 29

వదిన వచ్చింది.

ఏడున్నరకు నేను నేల తుడుస్తున్నాను. తలుపు దగ్గర నిలబడింది. సన్నబడింది. గుడ్డ పక్కన పెట్టి లేచాను.

"పోస్ట్‌మాస్టర్ గారు అద్దాలు మార్చుకోడానికి వచ్చారు" అంది. "నువ్వు తప్పావట. అదీ ఆడవాళ్ళ అడుగుల్లో."

"అవును."

"ఎందుకు?"

"నన్ను ఎవరన్నా నడిపిస్తే నడవలేకపోతున్నాను."

చెప్పులు విడిచి లోపలికొచ్చింది. బెంచీ మీద కూర్చోలేదు. "నేను క్షమించానని అనుకోకు. నాకు రావట్లేదు. పొద్దున్న లేస్తే నీమీద కోపం, పడుకుంటే నీమీద కోపం. మధ్యలో షాపు."

"సరే వదినా."

"సరే అంటే కాదు. ఆ ఇంట్లో కోపం చూపించడానికి కూడా మనిషి లేదు. గోడల్ని తిట్టుకుంటున్నాను." ముఖం తుడుచుకుంది. "ఆయన అడుగులు నాకు నేర్పు. నేను నడిపిస్తాను. నువ్వు నడువు."

"నీకెందుకు వదినా ఈ కష్టం?"

"నీకోసం అన్నానా?"

నేర్పడం మొదలుపెట్టాను. తన కుడిచెయ్యి నా ఎడమ భుజం ఎముక కింద పెట్టించాను. మోచెయ్యి దించొద్దన్నాను.

జూలై 6

భయంకరంగా నడిపిస్తుంది. రెండుసార్లు బెంచీకి కొట్టించింది. ఒకసారి అద్దానికి. మాట్లాడదు, లెక్క మాత్రం పైకి చెబుతుంది, అదీ కోపంగా. ఒకటి. రెండు. మూడు.

జూలై 13

ఇవాళ మధ్యలో ఆగిపోయి, "నువ్వు 'మోస్తున్నాను' అన్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉంది?" అని అడిగింది.

"నేను చూడలేదు. బూట్లు వేసుకుంటున్నాను."

తల ఊపింది. చెయ్యి తీయలేదు. మళ్ళీ లెక్క మొదలుపెట్టింది, "ఒకటి."

జూలై 17

నా మోకాళ్ళు కొంచెం వదులయ్యాయి. వదిన గమనించలేదు, లేకపోతే గమనించనట్టు ఉంది.

జూలై 26

ప్యాసయ్యాను. అదే మర్యాదస్తుడు, అదే పాట. గొప్పగా చేయలేదు. అతను అడుగు వేశాక నేను వేశాను, అంతే. హీల్ టర్న్ దగ్గర బరువు వదిలాను. తెల్లజుట్టు పెద్దావిడ నవ్వలేదు గానీ సంతకం పెడుతూ కలం రెండుసార్లు బల్లకు తట్టారు.

ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. ఫిబ్రవరి నుంచి దాచుకున్నదంతా. అన్నయ్యకు చెప్పాలి, ఇంటికి రెండు సర్టిఫికెట్లు అయ్యాయని.

జూలై 27

ఆదివారం. ప్రాక్టీసు లేదు కాబట్టి గదికి ఎనిమిదికి వెళ్ళాను. వదిన మెట్ల మీద కూర్చుని ఉంది, అరగంట నుంచీ.

"పరీక్ష అయిపోయిందిగా వదినా. ప్యాసని మెసేజ్ పెట్టాను."

"చూశాను. అది నీ పరీక్ష." లేచి చీర దులుపుకుంది. "గది మొత్తం ఒక్కసారి కూడా సరిగ్గా తిప్పలేకపోయాను నేను. తలుపు తియ్యి."

తీశాను. పాట పెట్టాను. తను ఎడమచెయ్యి చాచింది, నేను అందులో నా చెయ్యి పెట్టాను. తల ఎడమకు తిప్పాను. కుడికాలితో బయలుదేరింది, మడమ ఆనించి, నేను నేర్పినట్టే. మొదటి మలుపు కుదిరింది. రెండోది కుదరలేదు. కిటికీ వైపు వెళ్ళాల్సింది గది మధ్యలోకి తీసుకుపోయింది, అక్కణ్ణుంచి ఇంకెటో. ఏ పుస్తకంలోనూ లేని దారి. తన ఊపిరి మాత్రం నాకు తెలుస్తోంది. ఏడుపు ఆపుకుంటున్న మనిషి ఊపిరి అది.

"ఎక్కడికి వదినా?"

"తెలియదు" అంది. "నువ్వు రా ముందు."

వెళ్ళాను.